మిద్దె మీద పట్టచెట్టు నీడ

“నీడలో వడియం ఎండుతుందా? నువ్వే చెప్పు వరదా! నేనేమన్నా తప్పుగా అడుగుతా ఉండానా?”

“ఎండదు అత్తా. అందుకనే గదా, ముందు పక్క మిద్దె మింద పోసుకోండి అంటా ఉండా.”

“ముందు పక్క లారీల దుమ్ము. నా కూతుర్లకి దుమ్ము వడియాలు పంపించమంటావా?”

కనకవల్లమ్మకీ ఆమె కోడలు వరదలక్ష్మికీ ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ ఇదే మాట. పొద్దున కాఫీ దగ్గర మొదలై, మధ్యాహ్నం నిద్రకు కాసేపు ఆగి, సాయంత్రం మళ్ళీ అందుకునేది. ఇద్దరిలో ఎవరూ గొంతు పెంచే మనుషులు కారు. అందుకే ఆ తగవు అంతకాలం నిలిచింది.

చింతాద్రిపేటలోని ఆ పాత ఇంటికి వెనక చిన్న పెరడుంది. అందులో ఒక దాల్చినచెక్క చెట్టుంది. మద్రాసులో దాల్చినచెక్కని పట్ట అంటారు కాబట్టి ఇంటిల్లిపాదికీ అది పట్టచెట్టు. ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది. కొత్త చిగురు మాత్రం ఎర్రగా, కాల్చిన ఇటికె రంగులో వచ్చేది. అది పెరిగి పెరిగి మిద్దెను దాటి, మధ్యాహ్నం తిరిగేసరికి కనకవల్లమ్మ పరిచిన పాత పంచె మీద, ఆ పంచె మీది బియ్యపు వడియాల మీద నీడ పరిచేది. పైగా దాని నల్లటి చిన్న పండ్ల కోసం కాకులొచ్చేవి. తిన్న కాకులు ఊరికే పోవు కదా.

కనకవల్లమ్మ పోసే వడియాలు ఆ ఒక్క ఇంటికే కాదు. కోడంబాక్కంలో ఒక కూతురు, వాషర్‌మెన్‌పేటలో ఇంకో కూతురు. ఇద్దరి డబ్బాలూ ఏడాదంతా నిండుగా ఉండాలి. ఆమె పెద్దరికమంతా ఆ డబ్బాల్లోనే ఉంది.

వరదలక్ష్మికి ఉన్నదల్లా ఈ చెట్టు. గరిటె మొదలు గడప దాకా ఆ ఇంట్లో అన్నీ అత్తగారివే. ఏ డబ్బాలో ఏ పప్పు ఉండాలో కూడా ఆమె కాపరానికి రాకముందే తేలిపోయింది. అడిగి తెచ్చుకుని, ఎవరినీ అడక్కుండా నాటుకున్నది ఈ చెట్టు ఒక్కటే. కూతురు జనని పుట్టకముందు, కుర్తాళం జలపాతాలకు పోయినప్పుడు, ఒక తోటలో మొక్క ఇస్తే పాలపొడి డబ్బాలో పెట్టి, రైల్లో మద్రాసు దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

“ఆ పక్కకి పోయినోళ్ళంతా హల్వా తెస్తారు. మా ఇంటామె మన్ను తెచ్చింది,” అని ఆమె భర్త యతిరాజులు ఇప్పటికీ చుట్టాలకు చెప్పి నవ్వేవాడు.

నవ్వడానికి ఆ చెట్టు ఇంకా చాలా సాకులిచ్చింది. చిన్నప్పుడు జనని, పట్ట అంటే మునక్కాయల్లాగా కొమ్మలకు వేలాడుతుందనుకుని రోజూ తల ఎత్తి చూసొచ్చేది. పండ్లు కాసినప్పుడు వాటినే ఎండబెట్టి నూరి కుర్మాలో వేస్తే, ఆ రోజు అందరూ మజ్జిగన్నంతో లేచారు. పోయిన దీపావళికి వరదలక్ష్మి ధైర్యం చేసి, కొడవలితో మాను మీది బెరడు చెక్కి మటన్‌లో వేసింది. అది ఉడకలేదు, కరగలేదు, వాసనా లేదు.

“బొమికలు తీసేసినా. ఇది తలుపు ముక్కా, కిటికీ ముక్కా?” అని అడిగింది కనకవల్లమ్మ, పళ్ళెం అంచుకు నెడుతూ.

ఆ తర్వాత వరదలక్ష్మి చెట్టు మీద కత్తి పెట్టలేదు. ఆకులు మాత్రం కోసేది. పులావులో రెండు, తల రుద్దుకునే నూనె కాచేటప్పుడు నాలుగు, పక్కింటి రాజలక్ష్మికి పంటి నొప్పొస్తే ఒక గుప్పెడు.

“ఆకుల కోసమే అయితే ఇంత చెట్టెందుకు? మేకను కూడా కొనుక్కో, దానికైనా పనికొస్తాది,” అనేది అత్త.

చివరికి ఆ వారం మధ్యలో యతిరాజులు విసిగిపోయాడు. హార్బరు ఆఫీసు నుంచి వచ్చి చెమట చొక్కా కూడా విప్పకుండానే చెప్పేశాడు.

“ఆదివారం చెట్లు కొట్టే కాటయ్యని రమ్మన్నా. వేర్లతో సహా తీసేస్తాడు. ఇద్దరూ ఇంక నోరెత్తకూడదు.”

“పో నాయనా! అమ్మ చెట్టు అది,” అంది జనని.

“అమ్మకి తులసి కోట కట్టిస్తా,” అన్నాడాయన. ఆ రాత్రి వరదలక్ష్మి వడ్డించిన చారులో ఉప్పు లేదని ముగ్గురికీ తెలిసింది, ఒక్కరూ అడగలేదు.

మర్నాడు సాయంత్రం అనుకోకుండా ఎండాకాలపు వాన కురిసింది. అత్తాకోడళ్ళిద్దరూ తగవు మరిచి, పంచె చెరో కొస పట్టుకుని వడియాలతో కిందికి పరుగెత్తుకొచ్చారు. పొద్దునకి వాన వెలిసింది. నేలంతా మెత్తగా ఉంది. ఇంక రెండు రోజులే కదా అని వరదలక్ష్మి చెట్టు దగ్గరికి వెళ్ళింది. ఊరికే, చూసుకుందామని.

మాను పక్కన నడుమెత్తులో ఒక కొమ్మ మొండిగా ఉంది. పక్కింటి గోడకు రాసుకుంటోందని రెండేళ్ళ కిందట యతిరాజులే రంపంతో కోయించిన కొమ్మ. ఆ మొండి చుట్టూ కొత్త కొమ్మలు గుంపుగా లేచి ఉన్నాయి. బొటనవేలి లావు. చీపురు పుల్లల్లాగా నిటారుగా, ఒక్క వంకర లేకుండా. ఆకులు కోసేటప్పుడు చూస్తూనే ఉంది కానీ పట్టించుకోలేదు. ఒకదాన్ని వంచి కోసింది. కూరగాయల కత్తితో పైన గరుకు గీకి, నిలువునా ఒక గీత పెట్టింది. కత్తి మొన లోపలికి దూర్చి మెల్లగా లేపితే, వాన తాగిన కొమ్మ నుంచి బెరడు అరటిపండు తొక్కలాగా ఊడి వచ్చింది. చెయ్యంతా వాసన. తియ్యగా, ఘాటుగా, పెళ్ళి వంటశాల వాసన.

ఇంకో నాలుగు కొమ్మలు వొలిచి చేటలో పరిచి, అత్తగారు చూడకుండా మిద్దె మీద ఒక మూల పెట్టింది. సాయంత్రం వెళ్ళి చూస్తే బెరడు రెండు వైపుల నుంచీ లోపలికి తిరిగి చుట్టుకుంటోంది. అంగట్లో పొట్లం కట్టి ఇచ్చే పట్టలాగానే.

చేట ఒళ్ళో పెట్టుకుని మిద్దె గోడ పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళూ మాను మీద చూపు పెట్టి కాసింది. సరుకంతా కోసిన చోట కొత్తగా లేచిన కొమ్మల్లో ఉంది. ఒక్క కొమ్మ కోస్తే ఇన్ని లేచాయి. చెట్టు మొత్తం కోస్తే? బిడ్డ తల దువ్వినట్టు చూసుకున్న చెట్టు. మోడు నుంచి చిగురు రాకపోతే? కిందికి దిగి మాను మీద అరచెయ్యి ఆనించి నిలబడింది, అత్తగారు కాఫీకి పిలిచేదాకా.

శనివారం పెరుమాళ్ దినం కాబట్టి ఇంట్లో మాంసం లేదు. కొబ్బరిపాలతో, పులావులాంటి బ్రింజి అన్నం చేసింది. జనని పళ్ళెం ముందు కూర్చోకముందే వంటింట్లోకి తొంగి చూసింది.

“అమ్మా, ఏంది ఈ వాసన? వీధి చివరి దాకా వస్తా ఉండాది!”

కనకవల్లమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. అన్నంలో వెతికి పట్ట ముక్క తీసి, వేలి గోటితో విరిచి చూసింది.

“ఈ పట్ట యాడిది?”

“ఏ అంగట్లోదో,” అన్నాడు యతిరాజులు నములుతూ.

“పెరట్లోది,” అంది వరదలక్ష్మి.

“మళ్ళీ తలుపు కోసినావా?” అని ఆయన నవ్వబోయాడు.

“నువ్వు ఊరుకో రాజులూ,” అంది కనకవల్లమ్మ. వరదలక్ష్మి చేట తెచ్చి అత్త ముందు పెట్టింది. ఆమె ఒక చుట్ట తీసి వాసన చూసి, కొస కొరికింది. కళ్ళు చిట్లించింది. ఇంకో చుట్ట తీసుకుని చీర కొంగున ముడేసుకుంది.

“ఇట్లాంటిది నా పెండ్లినాడు తిన్నా. ఆ తర్వాత లేదు.” ఇంకో ముద్ద కలుపుకుంది. “రాజులూ, కాటయ్యని రావద్దని చెప్పిపంపు. నాకేం, వడియాలు ముందు పక్క పోసుకుంటా. దుమ్మెంత పడతాదిలే, పనామె మునెమ్మతో పైన పల్చని గుడ్డ కట్టించుకుంటా.”

“మీరిద్దరూ కలిసి నన్ను పిచ్చోణ్ణి చేస్తా ఉండారు,” అన్నాడు యతిరాజులు.

“ఐయో అవ్వా, నువ్వు సూపర్!” అని జనని ఎడమచేత్తో అవ్వ మెడ కావలించుకుంది.

వరదలక్ష్మి మాత్రం నవ్వలేదు. అందరి పళ్ళేలలోకీ ఇంకో గరిటె బ్రింజి వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి తుడుచుకుంది.

“కాటయ్యని రానీండి,” అంది నెమ్మదిగా. “రేపు చెట్టు కొట్టిస్తా ఉండా. మోకాలెత్తు మోడు వదిలేసి పైదంతా. వేర్ల జోలికి మాత్రం పోకూడదు. నేనే దగ్గరుండి కొట్టిస్తా.”