ఒపేరా హౌస్‌లో మొదటి ఒపేరా

సులోచన పనిచేసే కౌన్సిల్‌లో ఎవరికీ అక్కర్లేని పనులన్నీ ఆమె బల్లమీదకే వచ్చి పడేవి. 2001లో ఊరి ఒపేరా హౌస్‌కి నూరేళ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర చిన్న పుస్తకంగా రాసే పనీ అలాగే వచ్చింది. ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దుకి ఇవతల, పెద్ద చర్చి ఉండబట్టి సిటీ అనిపించుకుంటున్న చిన్న ఊరది.

నెల రోజులు పాత కాగితాలు తిరగేసింది. ప్రారంభోత్సవానికి రావలసిన ఒపేరా బృందం రైలు వరదల్లో చిక్కుకుపోతే, ఆ రోజు కుక్కల సర్కస్ ఆడించారట. తరవాత ఇంద్రజాలికులు, కుస్తీలు, యుద్ధకాలంలో బంగాళాదుంపల గోదాము, ఆపైన సినిమా, ఇరవయ్యేళ్లు బింగో అనే అంకెల ఆట.

"నూరేళ్లలో ఇక్కడ ఒక్క ఒపేరా కూడా ఆడలేదు," అని ఉత్సవాల కమిటీ చైర్మన్ గ్రిఫిత్స్‌కి చెప్పింది.

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "ఆ ముక్క పుస్తకంలో వద్దు."

"ఉన్నదే రాయమన్నారు కదండీ."

"అయితే ఉత్సవం రోజున ఒకటి ఆడించు. అప్పుడు ఉన్నదే రాయొచ్చు."

మూడు వారాలే గడువు. ఒపేరా కంపెనీలకి ఫోన్ చేస్తే రెండేళ్ల తరవాత చూద్దామన్నారు. ఆ ఆదివారం కార్డిఫ్‌లో ఎవరి పుట్టినరోజుకో భోజనానికి వెళ్తే, అక్కడ బాపురావు అంకుల్ పద్యం ఎత్తుకున్నాడు. గుడివాడలో పుట్టి, కార్డిఫ్‌లో ముప్పయ్యేళ్లు జీపీ డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. కాలేజీ రోజుల్లో పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. 'శత్రువు వస్తున్నాడు' అన్న ఒక్క సంగతిని రాగం తీస్తూ ఎనిమిది నిమిషాలు పాడాడు. సులోచన చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. కథ ఉంది, కిరీటం ఉంది, చెప్పాల్సిందంతా పాడటమూ ఉంది. ఒపేరా అంటే ఇంకేమిటి?

"అంకుల్, మా ఊళ్లో మీ నాటకం వేస్తారా?"

"హార్మోనియం ఎవరమ్మా?"

"మా ఆయన వాయిస్తారు."

పక్కనే పులిహోర తింటున్న చలపతికి పొలమారింది.

"ఒక్క మాట," అన్నాడు అంకుల్. "ఎవరైనా వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడాల్సిందే. అది నటుడి ధర్మం."

ఉత్సవం రోజున హాలు నిండింది. చివర్లో రాజు బాణం తగిలి కూలి, సుదీర్ఘంగా పాడి చచ్చిపోయాడు. చప్పట్లు మోగాయి.

"మీ పద్ధతిలో ఎలా మెచ్చుకుంటారు?" అని గ్రిఫిత్స్ అడిగాడు. సులోచన ముందూవెనకా చూడకుండా చెప్పేసింది.

ఆయన లేచి నిలబడి, "వన్స్ మోర్," అన్నాడు. రాజు లేచి, పాడి, మళ్లీ చచ్చాడు. ఈ ఏర్పాటు జనానికి బాగా నచ్చింది. ముందు వరుసలో బింగో ముసలమ్మలు వంతులేసుకుని అడిగారు. నాలుగో చావుకి చలపతి వేళ్లు నొప్పెట్టి హార్మోనియం మూసేశాడు.

శవం ఒక కన్ను తెరిచింది. "శ్రుతి పట్టవోయ్. నలభయ్యేళ్లయింది నాకు వన్స్‌మోర్ పడి."

చలపతి హార్మోనియం తెరిచి శ్రుతి పట్టాడు. తెర పక్కకి వచ్చి నిలబడ్డ సులోచనకి నవ్వుతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

మర్నాడు ఊరి పేపరు 'వెల్ష్ భాషలో అపురూపమైన ఒపేరా' అని రాసింది. సులోచన కంగారుపడి, అది తెలుగని సవరణ పంపుదామని గ్రిఫిత్స్ దగ్గరికి పరిగెత్తింది.

"వద్దులే," అన్నాడాయన. "నిన్న ఆట చూసిన వేల్స్ వాళ్లు పొద్దున్నుంచి పదిమంది ఫోన్ చేశారు. ప్రతి మాటా అర్థమైందట."