పోయారంటే పోయారనా?

జాబితా బాబాయి జాబంతా జాబితాలే. ఛానల్లో ఏటా డిసెంబరు ఆఖర్న వచ్చే 'ఏడాది తెర' కార్యక్రమానికి, ఏ నెలలో ఏ సీరియల్ మొదలైంది, ఏ పోటీ ముగిసింది, ఏ నటుడు కన్నుమూశాడు అన్నీ రాసేది ఆయనే. ప్రారంభాలొక వరస, ప్రారబ్ధాలొక వరస.

మధ్యాహ్నం మూడింటికి ప్రసారం మొదలైంది. తెరమీద మార్చి నడుస్తుండగా మేకప్ అక్క టీ తాగుతూ కంట్రోల్ రూములోకి వచ్చింది.

"బాబాయ్, అత్తగారు కొత్త సీరియల్‌కి ఒప్పుకున్నారు. నిన్నే ఫోన్ చేశారు."

పన్నెండేళ్లు ఒకే సీరియల్లో అత్త వేషం వేసి, దేశానికంతటికీ అత్తగారైన నటి ఆవిడ. బాబాయి చేతిలోంచి పెన్ను జారిపోయింది.

"ఆవిడ పోయారని ఆగస్టులో నువ్వేగా చెప్పావు!"

"సీరియల్లోంచి పోయారన్నాను. లోకంలోంచి పోయారన్నానా?"

కార్యక్రమంలో ఆగస్టు చివర నల్లచట్రంలో ఆవిడ ఫొటో ఉంది. కింద 'జోహార్లు', వెనక అర నిమిషం విషాద సంగీతం. ఆవిడేమో ఒంటరి మనిషి. మొన్నమొన్నే గుండె ఆపరేషన్ అయింది. పైగా ఈ కార్యక్రమం ఏ ఏడూ చూడకుండా వదలదు.

బాబాయి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఫోను అక్కడ మోగుతుంటే ప్రాణం ఇక్కడ పోను పోనంటూ కొట్టుకుంటోంది. ఏప్రిల్లో పాటల పోటీ ఫైనల్ అయిపోయింది. మేలో వంటల కార్యక్రమం పొయ్యి ఆరిపోయింది. జూన్‌లో రెండు సీరియళ్లు మొదలయ్యాయి. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఏడాది ఇంత పొట్టిదని బాబాయికి అప్పటిదాకా తెలీదు. ప్రసారం నడిపిస్తున్న డైరెక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"అమ్మా, ఫొటో తీసేయండి! ఆవిడ బతికే ఉన్నారు!"

డైరెక్టరమ్మ మొహం పాలిపోయింది. చేతులు మాత్రం మీటలమీద ఆడాయి.

"ఫొటో, పేరు వరకే తీయగలను. చట్రం, సంగీతం ముందే కలిపేసినవి, పోవు. ఆవిడకేమైనా అయితే జాబితాలో తర్వాతి పేరు నేనే రాస్తాను, బాబాయ్."

జూలై జారిపోయింది. ఆగస్టు వచ్చింది. అర నిమిషంపాటు దేశమంతా ఒట్టి నల్లచట్రాన్ని చూస్తూ విషాద సంగీతం వింది. బాబాయి మళ్లీ ఫోన్ చేశాడు.

సెప్టెంబరులో ఫోన్ మోగింది.

"ఏం నాయనా, అన్నిసార్లు చేశావు? ఇది చూసేటప్పుడు నేను ఫోనెత్తనని తెలీదూ?" అత్తగారి గొంతు కంచులా ఉంది. "అది సరే, ఆ చట్రం ఖాళీగా వదిలేశారేంటి? ఇంతకీ ఎవరు పోయారు?"

బాబాయి తలెత్తాడు. డైరెక్టరమ్మ చేతులు కట్టుకుని తననే చూస్తోంది.

"ఇంకా తేలలేదండీ," అన్నాడు మెల్లగా. "బహుశా నేనే."