గొంతు తిరిగొచ్చిన వారం

ఈస్టర్ ముందు వారం ఆ ఊళ్ళో ఎవరూ కడుపునిండా తినరు, కంటినిండా నిద్రపోరు. పొద్దున ఒక ప్రార్థన, సాయంత్రం ఒక ప్రార్థన, మధ్యలో గోడలకు సున్నాలు, రొట్టెలు, గుడ్లకు ఎర్రరంగులు. అందరి కళ్ళూ లోతుకు పోయి ఉంటాయి, అందరూ అవసరానికి మించి గట్టిగా మాట్లాడుతుంటారు. అలాంటి వారంలో ఒక మనిషి మనసు అదుపు తప్పుతోందని కనిపెట్టడం ఎవరి తరం? ఒక్క మిర్సినీ మాత్రం కనిపెట్టింది. పెళ్ళయిన నాటినుంచీ ఆమె చేస్తున్న ఉద్యోగం అదే.

ఆమె భర్త స్ట్రాటిస్ ఊరి చర్చిలో గాయకుడు. తండ్రి నిలబడి పాడినచోటే నిలబడి పాడతాడు. మనిషి బంగారం. కాకపోతే కొన్నాళ్ళు ఆకాశంలో ఉండేవాడు, కొన్నాళ్ళు పాతాళంలో. బైపోలార్ అన్నాడు పట్నం డాక్టరు. లిథియం మాత్రలు మొదలుపెట్టాక నేలమీద నిలిచాడు. కానీ ఆ మాత్రలు ఊరికే నిలబెట్టవు. నోరు ఎండిపోయేది, ఎంత తాగినా దాహం తీరేది కాదు. ఒళ్ళు వచ్చింది, చేతులు వణికేవి. కిడ్నీలు ఎలా ఉన్నాయోనని మాటిమాటికీ రక్తపరీక్షలు. అన్నిటికన్నా, పాట పోయింది. స్వరం తప్పేవాడు కాదు గానీ అందులో ప్రాణం ఉండేది కాదు. కరెంటు బిల్లు చదువుతున్నట్టుంది అని తనను తానే వెక్కిరించుకునేవాడు.

ఈ ఏడాది ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలైన రోజున మాంసం, పాలు, గుడ్లతోపాటు మాత్రలూ మానేశాడు. దొంగతనంగా కాదు, భోజనం బల్ల దగ్గర చెప్పి మరీ మానేశాడు.

"ఈస్టర్ దాకానే. ఒక్కసారి నా గొంతుతో నన్ను పాడుకోనీ," అన్నాడు.

"ఇది ఉపవాసం కాదు స్ట్రాటిస్, కొంప ముంచుకోవడం."

"నీదేం పోయింది? మింగేది నువ్వా, నేనా?"

ఒకరోజు మాత్ర పొడి చేసి పప్పులో కలిపింది. మొదటి చెంచాకే కనిపెట్టి గిన్నె పక్కకు జరిపాడు. ఆ తర్వాత ఆమె వండింది ముట్టలేదు. రొట్టె, ఆలివ్ కాయలు తానే తీసుకుని తినేవాడు.

ఫాదర్ గారితో మొరపెట్టుకుంది.

"మందులు మానమని ఏ దేవుడు చెప్పాడురా అని నేనూ తిట్టానమ్మా. వింటేగా," అన్నాడాయన. వెంటనే, "కానీ ఆ గొంతు... వాళ్ళ నాన్న లేచొచ్చి పాడుతున్నట్టుంది," అన్నాడు. ఆయన 'కానీ' అన్నప్పుడే, ఇక ఆయన వల్ల కాదని మిర్సినీకి తెలిసిపోయింది.

గురువారం డాక్టరుకు ఫోను చేసింది.

"తీసుకురండి," అన్నాడు.

"రానంటున్నాడు."

"అయితే పోలీసులకు చెప్పండి. భార్యగా మీరు అర్జీ పెడితే, బలవంతంగానైనా ఆసుపత్రిలో చేర్చమని ప్రాసిక్యూటరు ఆర్డరిస్తాడు. పండగైనా ఎవరో ఒకరు డ్యూటీలో ఉంటారు. ఇంకో దారి లేదమ్మా."

ఆ దారి ఆమెకు తెలుసు. పోయినసారి కాఫీకొట్టు ముందు, ఊరంతా చూస్తుండగా, పోలీసులు స్ట్రాటిస్ చేతులకు బేడీలు వేసి తీసుకెళ్ళారు. ఇంటికి తిరిగొచ్చాక అతను తిట్టలేదు, కొట్టలేదు. ఇంకెప్పుడూ వాళ్ళను పిలవకు అని ఆమె ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. పిలవనని ఆమె ఒట్టు పెట్టింది.

శుక్రవారం పొద్దున ఆడవాళ్ళంతా చర్చిలో చేరి సాయంత్రం ఊరేగించే క్రీస్తు పాడెను పూలతో అలంకరిస్తున్నారు. పక్కింటి ఎర్మియోని నిమ్మపూల రెమ్మ అందిస్తూ, "అదృష్టవంతురాలివే. నిన్న మీ ఆయన పాడుతుంటే మా ముసలాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఏం పెడుతున్నావేంటి?" అంది.

"ఏమీ పెట్టట్లేదు వదినా. అదే బాధ."

ఉపవాసం మీద జోకనుకుని అందరూ నవ్వారు.

"నిజంగానే. ఆయనకు రోజుల తరబడి నిద్ర లేదు."

"ఈ వారం ఎవరికుందే నిద్ర?" అంది ఎర్మియోని ఆవలిస్తూ.

సాయంత్రం పాడె చుట్టూ జనం కిక్కిరిసి నిలబడ్డారు. స్ట్రాటిస్ శోకగీతం ఎత్తుకున్నాడు. గుసగుసలు ఆగిపోయాయి. చంకలోని పిల్లలు కూడా అటే చూశారు. వినకూడదనుకుంటూనే మిర్సినీ విన్నది, వింటూనే ఏడ్చింది. ఆమె మనువాడింది ఈ గొంతునే. ఇన్నేళ్ళూ మాత్రా, మంచినీళ్ళ గ్లాసూ చేతికిచ్చి దాన్ని నొక్కింది తనే. అది తప్పని ఎవరన్నా ఒప్పుకోదు, ఒప్పని తనకు తాను చెప్పుకోలేదు.

గీతం అయిపోయింది. పాడె లేపి ఊరేగించాలి. స్ట్రాటిస్ మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. ఈ ఏడాది ప్రత్యేకం కాబోలని జనం ఊరుకున్నారు. మూడోసారి ఎత్తుకున్నప్పుడు అందులో పుస్తకంలో లేని మాటలు దొర్లాయి. ఫాదర్ దగ్గాడు, చెయ్యి ఊపాడు. పాడె మోసేవాళ్ళు కర్రలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏమైందే ఈయనకి? మందులు వేయట్లేదా నువ్వు?" అంది ఎర్మియోని. ఒక్కొక్క తలా మిర్సినీ వైపు తిరిగింది.

ఆమె వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది. "చాలు స్ట్రాటిస్. ఇంటికి పోదాం రా."

అతను ఎంతో ప్రేమగా చూశాడు. "ఇప్పుడు నేనాపేస్తే ఆయన లేవడే, మిర్సినీ," అన్నాడు పాడె వైపు చూపిస్తూ. మళ్ళీ పాట అందుకున్నాడు.

విదిలించి కొట్టినా ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదు. అంత సంతోషంగా ఉన్న మనిషిని ఎక్కడ పట్టుకుని లాగాలి?

బయట ఆవరణలోకి వచ్చి పోలీస్ స్టేషన్‌కు ఫోను చేసింది. ఒట్టు గుర్తుంది. అయినా చేసింది.

"మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అర్జీ నేనే పెడతాను," అంది.

"ఎవరినైనా కొట్టాడా?" అవతల కానిస్టేబులు గొంతు అలసిపోయి ఉంది.

"లేదు."

"చస్తానని బెదిరిస్తున్నాడా?"

"లేదండీ."

"మరేం చేస్తున్నాడమ్మా?"

తలుపులు తీసే ఉన్నాయి. పాట ఆవరణ దాటి వీధిదాకా వినిపిస్తోంది.

"పాడుతున్నాడు," అంది మిర్సినీ.

అవతల పెన్ను బల్లమీద పెట్టిన చప్పుడైంది.

"గుడ్ ఫ్రైడే కదమ్మా," అన్నాడు కానిస్టేబులు. "ఇవాళ అందరూ పాడుతూనే ఉంటారు."