భుజాల మీది బెల్టు

విమానం షెడ్డులో ఉన్నన్నాళ్లే ఆదిలక్ష్మికి కంటి నిండా నిద్ర. ఏటా తనిఖీకి దాన్ని కెస్లర్ అనే మెకానిక్ దగ్గర వదిలేవారు. ఆ మూడు వారాలూ ఆమెకు పండగే. ఈసారి ఆ పండగా అయిపోయింది. తల్లీకూతుళ్లిద్దరూ వచ్చి సంతకాలు చెయ్యమని కెస్లర్ కబురు పెట్టాడు.

అది 1956లో తయారైన రెండు సీట్ల విమానం. భర్త విశ్వనాథం, కూతురు తన్వి ఆరేళ్ల కిందట చెరి సగం వేసుకుని కొన్నారు. విశ్వనాథం పోయాక ఆయన సగం ఆదిలక్ష్మి పేరు మీదికి వచ్చింది. ఆయన పోయింది గాలిలో కాదు, ఇంట్లో, కుర్చీలో కూర్చుని. కుర్చీనే నమ్మడానికి లేనప్పుడు గాలినేం నమ్ముతామన్నది ఆమె గోడు. తన్వి వారంలో ఐదు రోజులు జర్మనీలోని వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, శనివారం పైకెగిరేది. ఆ పూటంతా తల్లికి ముద్ద దిగేది కాదు.

కెస్లర్ చేతులు తుడుచుకుని కాగితం ముందు పెట్టాడు. అతను చెప్పిన మార్పులు మూడు. ఇప్పుడున్న నడుము బెల్టుకి తోడు భుజాల మీదుగా బెల్టులు. ముళ్లు తిరిగే పాత మీటర్ల చోట కొత్త తెరలు. ఇంజను అందుకోవడానికి ముక్కున ఉన్న పంకా చేత్తో తిప్పే పని లేకుండా స్టార్టరు.

"ఒక్కటీ వద్దమ్మా," అంది తన్వి. "నాన్న దీన్ని ఒరిజినల్‌గానే ఉంచాలన్నారు. డెబ్బై ఏళ్ల నుంచీ బానే ఎగురుతోందిగా."

"డెబ్బై ఏళ్ల ముసలిదాని వీపెక్కి ఊరేగుతూ పైగా ఆ మాటొకటా? మూడూ పెట్టించు." ఆదిలక్ష్మి కెస్లర్ వైపు తిరిగి అదే మాట జర్మన్‌లో చెప్పింది.

"మూడూ అంటే, అనుమతులన్నీ వచ్చేసరికి వచ్చే వేసవి అవుతుంది," అన్నాడతను.

వచ్చే వేసవి! ఆమె కడుపులో పాలు పోసినట్టయింది. తన్వి అది కనిపెట్టేసింది.

"నీకు కావాల్సింది బెల్టులూ కాదు, తెరలూ కాదు. ఇది షెడ్డు దాటకూడదు, అంతేగా?"

ఇంతలో కెస్లర్ ఏదో గుర్తొచ్చి పెరుగు డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో నల్లగా ఎండి, గులకరాయిలా ఉన్నదేదో దొర్లుతోంది. "సీటు వెనక, నేలపలకల అడుగున దొరికింది. పోయినేడు చూసినప్పుడు లేదు. ఏమిటిది?"

తన్వికి తెలియలేదు. తల్లికి తెలిసింది. విమానం కొన్న రోజు, కారుకి చేసినట్టే పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. అవి చితికిపోయాక మనసు ఊరుకోక, ఎవరూ చూడకుండా ఇంకొకటి బొట్టు పెట్టి సీటు వెనక దోపింది.

"నిమ్మకాయ," అంది చిన్నగా. "దిష్టికని."

"అమ్మా! విమానంలోనా?"

"కార్లో పెడితే ఏమీ అనలేదుగా నువ్వు!"

కెస్లర్ నవ్వలేదు. విప్పిన పలకల సందులోంచి లైటు వేసి చూపించాడు. చిన్న చక్రం మీదుగా ఒక సన్నని ఉక్కు తీగ పోతోంది. "ఆ నిమ్మకాయ ఇక్కడ ఇరుక్కుంటే ఈ తీగ కదలదు, మీ అమ్మాయి ఎంత లాగినా విమానం ముక్కు పైకి లేవదు."

ఆదిలక్ష్మి పనిముట్ల పెట్టె మీద కూలబడింది. ఆరేళ్లుగా గాలికీ మబ్బుకీ పిట్టకీ భయపడింది. తన చెయ్యి ఒక్కటే ఆ లెక్కలో లేదు. తన్వి కోపం కూడా అక్కడే చల్లారింది. పక్కన గొంతుక్కూర్చుని, "ఏం కాలేదుగా," అంది.

ఆదిలక్ష్మి తలెత్తి కెస్లర్‌ని అడిగింది. "మీ కూతురే అయితే ఏది పెడతారు?"

"బెల్టులు," అన్నాడతను ఆలోచించకుండానే. "నేల గట్టిగా తగిలితే నడుము బెల్టు నడుమునే ఆపుతుంది. తల పోయి ఎదుటి ఇనుముకి కొట్టుకుంటుంది. మిగతావి సౌకర్యాలు. కొత్తవి చేర్చేకొద్దీ చెడిపోయేవీ పెరుగుతాయి."

"నాన్నైతే ఒప్పుకునేవారు కాదు," అంది తన్వి.

"ఆయన ముచ్చట ఆయనతో పోయిందే. నాకు నీ తల కావాలి. నేను రెండు కొట్టేస్తాను, నువ్వొకటి ఒప్పుకో."

తన్వి కాసేపు విమానం వైపే చూసి, సంతకం పెట్టింది. ఆదిలక్ష్మి కింది రెండు వరసలూ కొట్టేసి, తన పేరు రాసింది.

"ఇదొక్కటే అయితే గురువారానికి సిద్ధం," అన్నాడు కెస్లర్.

నెలైనా పడుతుందనుకుంది ఆవిడ. "గురువారం అమావాస్య," అంది వెంటనే.

"అయితే శుక్రవారం సెలవు పెడతా."

"శుక్రవారం ఆడపిల్లని బయటికి పంపుతారా ఎవరైనా?"

"శనివారం?"

"శనివారమా! ఇంకా నయం."

"ఆదివారం, అమ్మా?"

ఆదివారానికీ ఏదో ఒకటి ఉండకపోదు. వెతికితే దొరుకుతుంది. వెతికే ఓపిక ఆమెకు లేదు.

"సరే, ఆదివారం," అంది.