సైనైడ్‌కి పోతా ఉండా

స్కూల్ డే డాన్సులో అమ్మాయిలందరూ జుట్టు ఇస్త్రీ చేయించుకోవాలని మా క్లాసు డాన్సు లీడరు చంద్రిక హుకుం జారీ చేసింది. నా జుట్టు దువ్వెన పళ్ళు రాలగొట్టే రకం. మా అవ్వ ఎస్తరమ్మ నుంచి నాకొచ్చిన ఆస్తి అదొక్కటే. చేయించను పొమ్మన్నాను. సాయంత్రానికల్లా నన్ను డాన్సులోంచీ, వాట్సాప్ గ్రూపులోంచీ పీకేశారు. మర్నాడు క్లాసులో నా పక్కన ఒక్కరూ కూర్చోలేదు. ఏడుపొచ్చింది. వాళ్ళ ముందు ఏడ్చి వాళ్ళకి పండగ చెయ్యడం ఇష్టంలేక బడి వదిలేదాకా బిగబట్టాను.

ఇంటికి రాగానే చంద్రిక మెసేజ్. "జూలీ, డాన్సు డ్రెస్సు యాడ? తిరిగియ్యి."

"సైనైడ్‌కి పోతా ఉండా. ఇంగ నన్నేమీ అడగొద్దు," అని కొట్టి, ఫోను మంచం మీద పారేసి వెళ్ళిపోయాను.

మా చాంపియన్ రీఫ్స్‌లో సైనైడంటే దిబ్బ. గనులున్న కాలంలో సైనైడుతో బంగారం తీసుకుని, మిగిలిన మట్టిని కొండల్లా పోసి పోయారు. అలిగినవాళ్ళూ, సెల్ఫీలవాళ్ళూ, ప్రేమికులూ అందరూ అక్కడికే పోతారు. చంద్రికది లక్కూరు. మేనమామ ఇంట్లో ఉండి చదవడానికి ఈ మధ్యే వచ్చింది. మహారాణిగారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

దిబ్బెక్కి, తనివితీరా ఏడ్చి, చురుమురి పొట్లం విప్పి మరమరాలు నమలడం మొదలెట్టాను. కింద నుంచి ఎవరో పాకుతూ వస్తున్నారు. చూస్తే చంద్రిక! కాళ్ళకి చెప్పుల్లేవు, ఇస్త్రీ జుట్టు నిండా మట్టి.

"మింగేసినావా?" అంటూ నా దవడలు పట్టుకుంది.

"చురుమురేనే!"

అక్కడే కూలబడి భోరుమంది. "మీ అవ్వనడిగితే, 'సైనైడ్‌కా? దినామూ పోయేదే కదమ్మా, చీకటి పడేలోగా వస్తాది' అని ఈ దిబ్బ తట్టు చెయ్యి చూపించింది. నాకు పై ప్రాణాలు పైనే పోయినాయి!"

నవ్వాను. వీపు మీద ఒకటిచ్చింది.

"నిన్ను తీయకుంటే మిగిలినోళ్ళు నన్ను తీసేస్తారే. నాకు ఈడ ఎవురుండారు?"

అంత కోపంలోనూ జాలేసింది. ఇంతలో దాని ఫోను మోగింది. లక్కూరు నుంచి వాళ్ళమ్మ.

"సైనైడ్ పైన ఉండామ్మా," అంది చంద్రిక, అప్పుడే ఈ ఊరి పిల్లయిపోయి.

అవతల కెవ్వున కేక. ఫోను లాక్కున్నాను. "భయపడొద్దమ్మా! సైనైడంటే ఈడ మట్టిదిబ్బ. పాపకేమీ కాలేదు, నేనుండా పక్కన."

"నువ్వెవురమ్మా?"

చంద్రిక వైపు చూశాను. అది ముక్కు చీదుకుని, నా పొట్లంలో చెయ్యి పెట్టింది.

"ఫ్రెండని చెప్పవే," అంది.