చారల గొట్టం

తోకుజి కత్తెరలకు నూనె రాసి, మెత్తని గుడ్డతో తుడిచి, అద్దం ముందు వరసగా పేర్చాడు. తువ్వాళ్లు వేడినీళ్లలో వేశాడు. తర్వాత రోజూలాగే కిటికీ పరదా కాస్త పక్కకు జరిపి, ఎదురుగా సోయా జున్ను, అదే టోఫు, అమ్మే మసుయో కొట్టు వైపు చూశాడు. గుమ్మానికి నీలి గుడ్డ తెర కట్టలేదు, అంటే కొట్టు తెరవలేదు. ఆవిడ తెరవలేదు కాబట్టి ఆయనా గుమ్మం పక్కనున్న, క్షౌరశాల తెరిచి ఉందని చెప్పే ఎరుపు తెలుపు నీలం చారల గొట్టాన్ని తిప్పలేదు. ఒసాకా శివారులోని ఆ అంగళ్ల వీధిలో కరోనా వచ్చిన వసంతమంతా ఇలాగే గడిచింది.

ప్రభుత్వం ఆజ్ఞేమీ వేయలేదు, దయచేసి మూయండి అంది, అంతే. క్షౌరశాలలనైతే ఆ మాటా అనలేదు. అయినా పక్కవాడు మూశాక తెరిచి కూర్చునే మొహం ఎవరికుంది? సారా కొట్టతను ఒక్కపూట తెరిస్తే, తెల్లారేసరికి 'సిగ్గు లేదా?' అని తలుపుకు కాగితం అంటించి పోయారెవరో మహానుభావులు.

అలాగని జుట్టు పెరగడం మానుతుందా! అందరూ తోకుజి కొట్టు పెరటి గుమ్మంలోంచి వచ్చి, మాస్కు తీయకుండా కత్తిరించుకుని, ఎవరూ చూడలేదనుకుంటూ వెళ్లేవాళ్లు. వీధి వీధంతా నున్నటి మెడలే. ఎవరూ ఎవరినీ అడగలేదు. తోకుజికి లోలోపల నవ్వొచ్చేది.

ఆ ఉదయం మసుయో కూడా పెరట్లోంచే వచ్చి కూర్చుంది.

"పెద్దాయనా, రేపట్నుంచి నిజంగానే మానేస్తున్నారటగా?"

"చేతులు వణుకుతున్నాయమ్మా. ఇంకొన్నాళ్లు చేస్తే ఎవరి చెవో ఊడి చేతిలోకొస్తుంది."

"మరి ఆఖరి రోజు కూడా దొడ్డిదారేనా?"

ఆయన కత్తెర ఆగింది. తండ్రి కాలం నుంచి తిరిగిన గొట్టం అది. దాన్ని అలా ఆగినదాన్ని ఆగినట్టే వదిలేసి కొట్టు కట్టేయాలంటే ఆయనకు మనసొప్పలేదు.

"నువ్వు తెర కడితే నేను తిప్పుతా."

"భలేవారే. మీరెప్పుడు తిప్పుతారా అని నేను రోజూ చూస్తుంటేనూ."

అద్దంలో ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆవిడ వెళ్లాక తోకుజి మీట నొక్కాడు. గొట్టం కాస్త మూలిగి, కదిలింది. ఎదురుగా నీలి తెర వేలాడింది. అది చూసి చేపలతను రేకు తలుపు ఎత్తాడు, అతన్ని చూసి తేయాకు కొట్టు ముసలమ్మ. మధ్యాహ్నానికి వీధికి ప్రాణం వచ్చింది. ముందు గుమ్మంలోంచి వచ్చినవాళ్ల మెడలు దులుపుతుంటే ఆయనకు కడుపు నిండినట్టుంది.

సాయంత్రం మసుయో టోఫు తెచ్చేసరికి, తోకుజి క్షవరం కుర్చీలోనే వెనక్కి వాలి ఉన్నాడు. నుదుటి మీద వేసుకున్న తువ్వాలు చల్లారిపోయింది. పిలిస్తే పలకలేదు. గిన్నె పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని ఆవిడ ఏడ్చింది.

మర్నాడు ఆయన కోసం అందరూ కొట్లు మూశారు. ఈసారి ఎవరూ పక్కవాడి వైపు చూడలేదు. గొట్టాన్ని ఆపడానికి మాత్రం మీట దగ్గరికి ఎవరి చెయ్యీ ముందుగా వెళ్లలేదు. మూసిన వీధిలో అదొక్కటే తిరుగుతూ ఉంది.