రాగిచుట్టలో ఉప్పు

రెయినో ఉన్ని మేజోళ్లు, గడ్డం కత్తి, కాఫీ పొడి డబ్బా సంచిలో కుక్కి జిప్పు లాగాడు. ఆ చప్పుడుకి చెల్లెలు హెల్మి వెళ్లి ఫ్రిజ్ తలుపు తెరిచింది. సుపీరియర్ సరస్సులో మంచు విరిగింది. సాయంత్రం డులూత్ రేవులో ఇనుప ఖనిజం మోసే ఓడెక్కితే అతను మళ్లీ క్రిస్మస్‌కే ఇల్లు చేరేది.

ఆమె కళ్లు ఫ్రిజ్‌లో ఉన్న సీసా మీదున్నాయి. అందులో బీరు పులియబెట్టే అమ్మనాటి ఈస్టు. ఈ వేసవిలో బీరు తానే కాయాలని ఆమె పట్టు. చలికాలమైతే మరిగిన బార్లీ రసం గుండిగను మంచులో దించితే చాలు. వేసవిలో అది నిదానంగా చల్లారిందంటే పాడైపోతుంది. అందుకని గ్యారేజీలో రాగి గొట్టాన్ని రంగు డబ్బాకు చుట్టారు. ఆ చుట్టను గుండిగలో ముంచి, గొట్టంలో చన్నీళ్లు పారిస్తే వేడి లాగేస్తుందట.

"అది పనిచేస్తేనే సీసా నీది. లేకపోతే పారబోసి పోతా," అన్నాడు రెయినో.

వంచేటప్పుడు గొట్టం నొక్కుకుపోకుండా లోపల ఉప్పు కూరాలి. ఆమె వంటుప్పు తెస్తానన్నా వినకుండా, మెట్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు బకెట్టునే అతను ఒంపాడు. చుట్ట ముచ్చటగా వచ్చింది. కొళాయికి తగిలిస్తే చుక్క రాలలేదు.

"తడి ఉప్పు అన్నయ్యా, రాయి కట్టింది. చెబితే విన్నావా?"

"ఓడలో పాతికమంది నా మాట వింటారు, తెలుసా?"

"వంటవాడి మాట వినకపోతే పస్తులేగా మరి!"

అతను నవ్వి గడియారం చూసుకున్నాడు. హెల్మి కొళాయి నీళ్లు ఆపకుండానే చుట్టను వేన్నీళ్ల తొట్టిలో పడేసింది. లోపల కరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఇద్దరూ రాగికి చెవులానించారు. ఏదో గరగరమంది. గొట్టం చివర్న ఒక్క చుక్క నిలిచింది. నాలుకకు తగిలించుకుని, "అబ్బ, సముద్రం!" అంది. వెనకే ధార వచ్చింది.

నీళ్లు చప్పబడేదాకా వదిలి, చుట్టను మరుగుతున్న గుండిగలో ముంచి పొయ్యి ఆర్పారు. గొట్టంలోంచి వచ్చే నీళ్లు పొగలు కక్కాయి. కాసేపటికి హెల్మి గుండిగలో చెయ్యి పెట్టింది. తియ్యలేదు.

"కాలట్లేదూ?"

"నువ్వే చూడు."

రెయినో మోచేతి దాకా ముంచి అటూ ఇటూ తిప్పాడు, వేడి ఏ మూలన దాక్కుందో వెతుకుతున్నట్టు. ఆ తడిచేత్తోనే సీసా తెచ్చి ఆమెకిచ్చాడు.

"క్రిస్మస్‌కి రుచి చూస్తా. చెడగొట్టావో, చెప్తా నీ పని!"

హెల్మి వేసవంతా కాచింది. చెడలేదు. రెయినో తిరిగి రాలేదు. 1984 అక్టోబరు గాలివానలో ఓడ మీంచి సరస్సులో పడిపోయాడు.